ఖాళీ గడి

ఈ స్వర్ణోత్సవంలో పూర్వ ఉపాధ్యాయులను సన్మానించాలనుకున్నాం. జాబితా తీసే పని నాకు అప్పగించారు. పాత రిజిస్టరు చూసి పేరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ కంప్యూటర్లోకి ఎక్కించాను. వెళ్లిన తేదీ ఉన్నవాళ్లను వరుసగా తీసి కమిటీకి పంపాను. ‘‘లెక్కల మాస్టారి పేరేదిరా?’’ అని ఓ మిత్రుడు ఫోన్ చేసేదాకా పొరపాటు తెలియలేదు. ఆయన వెళ్లిన తేదీ రిజిస్టరులో ఎవరూ రాయలేదు. దాంతో ఇప్పటికీ పనిచేస్తున్నవారితో కలిసిపోయారు.

నా వృత్తిలో ఇది పాత చిక్కే. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించారు. తెలియని విలువకు వాడే ‘నల్’ గుర్తును 1979 నాటి వ్యాసంలో వివరంగా చర్చించారు. నల్ అంటే సున్నా కాదు. దాన్ని ఏ తేదీతో పోల్చినా అవుననీ రాదు, కాదనీ రాదు. ‘తెలియదు’ అనే వస్తుంది.

పోల్చలేనిదాన్ని వరుసలో ఎక్కడ నిలబెట్టాలి? 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఆ నిర్ణయాన్ని తయారీదారులకే వదిలేసింది. అందుకే పాత తేదీ నుంచి కొత్త తేదీకి వరుస పెడితే ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ ఖాళీలను చివర పెడతాయి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ముందు పెడతాయి. 2003 ప్రమాణంలో ‘నల్స్ ఫస్ట్’, ‘నల్స్ లాస్ట్’ అని మనమే చెప్పుకునే వీలు వచ్చింది.

ఇంజనీర్లు మరో అడ్డదారి కూడా కనిపెట్టారు. ముగియనిదానికి 9999 డిసెంబర్ 31 అని రాసేస్తారు. వరుస చక్కగా వస్తుంది. పాత ప్రోగ్రాముల్లో 99 అంకెలను ఇలాగే గుర్తుగా వాడి ఉంటారని 1999 సెప్టెంబర్ 9న చాలామంది భయపడ్డారు కూడా. పెద్దగా ఏమీ జరగలేదు. కానీ నేను ఆ తేదీ వేస్తే మన మాస్టారు ఇంకో ఎనిమిది వేల ఏళ్లు లెక్కలు చెబుతూనే ఉండాలి!

అసలు మెలిక వరుసలో లేదు. ఖాళీలు రెండు రకాలు: ఇంకా ముగియనిది, ముగిసినా మనకు తెలియనిది. కాడ్ కూడా 1990లో వచ్చిన తన పుస్తకంలో, విలువ ఉండీ తెలియనిదానికి ఒక గుర్తు, అసలు వర్తించనిదానికి వేరే గుర్తు ఉండాలన్నారు. ఎస్‌క్యూఎల్‌లో మాత్రం ఒక్క నల్లే మిగిలింది.

అందుకని నేను నాలుగో గడి చేర్చాను: ‘పనిచేస్తున్నారు’ లేదా ‘వెళ్లారు’. ముందు దాని ప్రకారం, తర్వాత వెళ్లిన తేదీ ప్రకారం వరుస పెట్టి, తేదీ తెలియనివారిని పూర్వ ఉపాధ్యాయుల వరుసలోనే చివర ఉంచాను. మాస్టారి పేరు సన్మాన జాబితాలోకి వచ్చింది. ఆయన తేదీ గడి మాత్రం ఖాళీగానే అచ్చవుతోంది. ఊహించి నింపడం నాకిష్టం లేదు. ఆధారం లేకుండా జవాబు రాస్తే ఆయన మార్కులు వేసేవారు కాదు మరి.