పొలిటికల్ సైన్స్ చదివితే ఏమొస్తది? ఉస్మానియా విభాగం అధ్యాపకులు చేసిన పనులే జవాబు

ముస్తాబాద్: ఇంటర్ ఆర్ట్స్ పూర్తిచేసిన పిల్లలు బీఏలో పొలిటికల్ సైన్స్ తీసుకుంటామంటే చాలా ఇళ్లల్లో వచ్చే మొదటి మాట, "అది చదివితే ఏమొస్తది?" అని. సిరిసిల్ల, కరీంనగర్ కాలేజీలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఆ సందేహం సహజమే. హైదరాబాద్‌లోని ఉస్మానియా యూనివర్సిటీలో ఈ సబ్జెక్టు చెప్పినవాళ్లు క్లాసు బయట ఏం చేశారో తెలిస్తే దానికి జవాబు దొరుకుతుంది.

ఉర్దూలో మొదలైన చదువు

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ఉస్మానియా 1918లో మొదలైంది. అప్పట్లో బోధన ఉర్దూలోనే. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. 1948 తర్వాత బోధన ఇంగ్లిష్‌కు మారింది.

ఆ తొలి తరంలో పెద్ద పేరు ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీది. చరిత్ర, రాజనీతి శాస్త్ర విభాగానికి ఆయన అధిపతి. ఫారాబీ, మావర్దీ, గజాలీ వంటి ముస్లిం ఆలోచనాపరులు రాజ్యం గురించి, పాలకుడి బాధ్యత గురించి ఏం చెప్పారో వివరంగా పుస్తకం రాశారు. బహమనీలు, కుతుబ్‌షాహీల మీద ఆయన రాసిన చరిత్రలను పరిశోధకులు ఇప్పటికీ తిరగేస్తుంటారు. 1969లో కేంద్రం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

క్లాసు నుంచి రాజ్యసభకు

తర్వాతి తరంలో ప్రొఫెసర్ రషీదుద్దీన్ ఖాన్ ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించి, ఢిల్లీలోని జేఎన్‌యూలో రాజకీయ అధ్యయన కేంద్రం తొలి ఆచార్యుల్లో ఒకరయ్యారు. 1970 నుంచి 1982 దాకా రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడిగా ఉన్నారు. కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య అధికారాల పంపకం ఎట్లుండాలన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న అంశం. ఇన్ని భాషలు, ఇన్ని మతాలున్న దేశం కలిసి ఉండాలంటే సమాఖ్య వ్యవస్థ గట్టిగా ఉండాలన్నది ఆయన వాదన.

చదువు ఆగిపోయినవాళ్ల కోసం

మన జిల్లా కుటుంబాలకు అందరికన్నా దగ్గరివారు ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బిడ్డ. రాజనీతి, ప్రభుత్వ పాలన శాస్త్రాల్లో నిపుణుడు, పంచాయతీరాజ్ మీద పరిశోధన చేశారు. 1977లో ఉస్మానియా వైస్ చాన్సలర్ అయ్యారు. 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ హైదరాబాద్‌లో పెట్టినప్పుడు దాని తొలి వైస్ చాన్సలర్ ఆయనే. దాని పేరే ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. 1985లో ఇగ్నో మొదలైనప్పుడు కూడా తొలి వీసీ ఆయనే. తర్వాత యూజీసీ చైర్మన్ అయ్యారు.

సిరిసిల్ల సాంచాల మీద పనిచేసే కుర్రాడు, బీడీలు చుడుతూ ఇల్లు నడిపే ఆడమనిషి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన డ్రైవర్, ఇంటర్‌తోనే నికాహ్ అయిపోయిన అమ్మాయి, వీళ్లంతా రోజూ కాలేజీకి పోలేరు. అట్లాంటివాళ్లు ఇంట్లో ఉండి డిగ్రీ రాసే దారి ఈ యూనివర్సిటీతో తెరుచుకుంది.

ఉద్యమంలో, పుస్తకాల్లో

ఇటీవలి తరంలో అందరికీ తెలిసిన పేరు ప్రొఫెసర్ కోదండరాం. 2009 చివర్లో ఏర్పడ్డ తెలంగాణ జేఏసీకి నాయకత్వం వహించారు. 2011లో మిలియన్ మార్చ్, ఆ తర్వాత సకల జనుల సమ్మె ఆ జేఏసీ ఆధ్వర్యంలోనే నడిచాయి. 2018లో తెలంగాణ జన సమితి పెట్టారు. 2024 ఆగస్టులో సియాసత్ పత్రికకు చెందిన అమేర్ అలీఖాన్‌తో పాటు గవర్నర్ కోటా ఎమ్మెల్సీగా ప్రమాణం చేశారు. ఆ నియామకాలు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగాయి.

ఇదే విభాగంలో పనిచేసిన కంచ ఐలయ్య కులం మీద రాసిన పుస్తకాలు దేశమంతా చర్చకు దారితీశాయి. ఆయన తర్వాత మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో సామాజిక వెలివేతపై పరిశోధన చేసే కేంద్రానికి డైరెక్టర్‌గా ఉన్నారు. ప్రొఫెసర్ రమా మేల్కోటే మహిళా అధ్యయన సంస్థ 'అన్వేషి'ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు.

పిల్లలకు పనికొచ్చేది

రాజ్యాంగం, పాలన పాఠాలు గ్రూప్-1, గ్రూప్-2 సిలబస్‌లో ఉంటాయి. బీఏ తర్వాత సీపీగెట్ రాస్తే రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎంఏ సీటు దొరుకుతుంది. ఉర్దూ మీడియం పిల్లలకు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ యూనివర్సిటీలో ఇదే సబ్జెక్టు ఉర్దూలో ఉంది. ఎంఏ తర్వాత నెట్ గానీ సెట్ గానీ పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత వస్తుంది.

అయితే ఆ పోస్టులు నింపాలి కదా. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి పర్మనెంట్ నియామకాలు లేక, చాలా క్లాసులు కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీదే నడుస్తున్నాయి. షేర్వానీ, రాంరెడ్డి లాంటివాళ్లు ఎదిగింది రేపు ఉద్యోగం ఉంటుందో లేదో అన్న దిగులు లేని చోట. కాలేజీ ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు బిల్డింగ్, బస్సు సౌకర్యంతో పాటు ఇంకో రెండు మాటలు అడగాలి: ఈ సబ్జెక్టుకు పర్మనెంట్ సార్లు, మేడమ్‌లు ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఏం రాశారు?