గిరణ్‌గావ్: మిల్లుల నేల పంపకం

బొంబాయిలో కావస్‌జీ దావర్ 1854లో నూలుమిల్లు కంపెనీని స్థాపించిన తరువాత పరేల్, లాల్‌బాగ్, వర్లీలలో క్రమంగా విస్తరించిన మిల్లుల పేటకు మరాఠీలో గిరణ్‌గావ్ అని పేరు; కొంకణ ప్రాంతీయులతో పాటు తెలంగాణ పద్మశాలీలు కూడా అక్కడ పనిచేశారు. 1982లో దత్తా సామంత్ నాయకత్వాన సాగిన సమ్మె తరువాత అనేక మిల్లులు మూతపడ్డాయి. మిల్లు స్థలాన్ని మూడు వాటాలు చేసి, ఒకటి ఉద్యానాల వంటి బహిరంగ స్థలాలకు, ఒకటి ప్రభుత్వ గృహనిర్మాణానికి, మిగిలినది యజమానికి చెందాలని 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధనలు, అనగా నగర నిర్మాణాలకు హద్దులు విధించే నియమావళి, నిర్దేశించగా, 2001 సవరణ ఆ పంపకాన్ని కట్టడాలు లేని ఖాళీ నేలకే పరిమితం చేసి దాని ఉద్దేశాన్నే దెబ్బతీసింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఫీనిక్స్ మిల్లు ఆవరణలో పాత పొగగొట్టాన్ని నిలిపి, దాని చుట్టూ మాల్ కట్టారు. కార్మిక కుటుంబాలకు లాటరీ ద్వారా కేటాయించిన ఇళ్లు మాత్రం వచ్చిన దరఖాస్తులతో పోలిస్తే అత్యల్పం.