బెంగుళూరు చెరువుగట్ల మీద

ఆ కంప ఇంకొంచెం లోపలికి తొయ్ అబ్బీ, పొగంతా నా మొగానికే వస్తాంది.

ఏం పాపా, బెంగుళూరులో నాలుగైదేండ్ల నుంచి ఉండావు కదా, ఏమేం చూసినావని అడిగితే రూమూ, ఆఫీసూ, రెండు మాల్సూ చెప్పి నిలిపేస్తివి. ఆ మూడూ యాడైనా ఉంటాయి. నేను ఆ ఊరంతా కాళ్లతో తిరిగినా. బస్సు చార్జీ మిగిలితే ఇంటికి పంపొచ్చని మొదలుపెట్టిన నడక అది. తర్వాత రుచి మరిగి, దుడ్లు ఉన్న రోజు గూడా నడిచినా.

1950ల మొదట్లో, మా నాయన కాలంలో, కరువొస్తే సీమలో గంజి కేంద్రాలు పెట్టినారు. నాకు మీసాలొచ్చే నాటికి గంజి కేంద్రాలు పోయినాయి, వాటి బదులు బెంగుళూరు వచ్చింది. వాన తప్పితే ఇత్తనం శెనక్కాయలు గూడా తినేసి, ఇంటికొకరు రైలెక్కుతాంటిరి. పెనుకొండ స్టేషన్లో ఎక్కితే హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంక. అప్పుడది మీటరుగేజి బండి, నింపాదిగా పోతాండె. సంగటిముద్దా ఊరుబిండీ మూట కట్టిచ్చేది మా యమ్మ. యలహంక రాకముందే మూట ఖాళీ.

సిటీ స్టేషన్లో దిగి బయటికొస్తే ఎదురుగా మెజస్టిక్ బస్టాండు. అందరూ దీపాలు చూస్తాండారు, సినిమా బొమ్మలు చూస్తాండారు. నాకు మాత్రం ఆ నేల వాలకం వేరేగా కనపడింది. చుట్టూ మిట్ట, నడుమ పల్లం, ఒక పక్క పొడుగ్గా ఎత్తుగా రోడ్డు. మన పక్క పుట్టినోనికి అదేందో ఒకరు చెప్పాల్నా? చింతామణి పక్కనుంచి వచ్చిన ముసలి హమాలీ ఒకాయనను అడిగితే, "చెరువే నాయనా, ధర్మాంబుధి కెరె" అన్నాడు. నేను ఎత్తుగా ఉండాదన్న రోడ్డు పేరు ఈ పొద్దుటికీ ట్యాంక్ బండ్ రోడ్డే. నువ్వు ప్రతి పండక్కీ మనూరి బస్సెక్కేది చెరువు నడి కడుపులో నిలబడి, తెలుసునా?

ఆ చెరువు ఎందుకు పోయిందంటే, 1896లో హేసరఘట్ట నుంచి కొళాయి నీళ్లు తెచ్చినారు. నీళ్లు ఇంటి ముందరికొచ్చినాక చెరువు పూడిక ఎవురు తీస్తారు? మనూర్లో బోర్లు వచ్చినాక జరిగింది గూడా అదే కథ. అర్కావతి మీద తిప్పగొండనహళ్లి కట్టింది 1933లో, కావేరి నీళ్లొచ్చింది 1974లో. కావేరి వంద కిలోమీటర్ల అవతల పల్లంలో ఉంటే, బెంగుళూరు మూడువేల అడుగుల మిట్టన ఉండాది. ఆ నీళ్లను యంత్రాలు పెట్టి పైకి తోడాల. నేను పోయిన కొత్తల్లో ఆ నీళ్లింకా రాలేదు. వీధి కొళాయి కాడ బిందెల వరస చూసి, మన సోమందేపల్లె నన్ను వెంబడించి వచ్చిందే అనుకున్నా.

పని దొరికింది చిక్కపేటలో, పట్టుచీరల అంగట్లో. ధర్మవరం, హిందూపురం నుంచి వచ్చిన చీరలు మడతలేసి, మూటగట్టి, సావుకారి చెప్పిన అంగడికి మోసుకుపోయి ఇచ్చి రావాల. అంతే పని. పేట సందులు యెట్లుంటాయంటే, రెండు మూటలు ఎదురైతే ఒక మూట ఎనక్కి పోవాల్సిందే. అక్కిపేటలో బియ్యం, అరళెపేటలో దూది, బళేపేటలో గాజులు, గాణిగరపేట గానుగలోళ్లది. ఏ సరుకు ఏ వీధిలో దొరుకుతాదో వీధి పేరే చెప్తాది, అడ్రసు చీటీ చదవాల్సిన పని లే. కబ్బన్‌పేటలోకి పోతే ఇంటింటా మగ్గం చప్పుడు. ఆ చప్పుడు సందుల్లోంచి తెలుగు మాటలు వినపడతాంటే కాళ్లు వాటంతటవే ఆగుతాండె.

దొడ్డపేటా చిక్కపేటా కలిసే కాడ ఒక కథ చెప్తారు. దొడ్డపేటంటే ఇప్పటి అవెన్యూ రోడ్డు. 1537లో కెంపేగౌడ ఆడ నిలబడి, నాలుగు దిక్కులకూ నాలుగు జతల ఎద్దులను కట్టి మడక దున్నించినాడంట. ఎద్దులు ఆగిన కాడికి ఊరు. నిజమో కల్పనో గానీ, సేద్యగాడు నమ్మే కథ అది. ఆ గౌడ విజయనగరం రాయల కింద సామంతుడు. 1565లో తళ్లికోట యుద్ధం పోయినాక రాయల రాజధాని యాడికొచ్చింది? మన పెనుకొండకే కదా! అంటే కొన్నాళ్లు బెంగుళూరోళ్లు మన కొండ పక్క తిరిగి దండం పెట్టినోళ్లే. ఈ మాట మీ ఆఫీసులో చెప్పు, నవ్వుతారు, నవ్వనీ.

పేటలో కరగ జాతర రాత్రి మాత్రం ఎవురూ నిద్రపోరు. చైత్ర పున్నమికి తిగళరపేట ధర్మరాయసామి గుడి నుంచి బయలెళ్తాది. తిగళులు తోటపని చేసే జనం, పూలూ కూరాకులూ పండించేవాళ్లు. వాళ్లలో ఒకాయన ఆడదాని మాదిరి చీర కట్టి, గాజులేసుకొని, నెత్తిన మల్లెపూల గోపురం పెట్టుకొని వస్తాడు. చెయ్యి తగిలించకుండా మొయ్యాల. చుట్టూ కత్తులు పట్టుకొని వీరకుమారులు. ద్రౌపదమ్మ వచ్చిందని పేటంతా మొక్కుతాది. దారిలో తవక్కల్ మస్తాన్ దర్గా లోపలికి పోయి, ఆడ మర్యాద అందుకొని గానీ ముందుకు కదలదు. ఆ ఎనకాల తెల్లవార్లూ నడిచినా, పగలు మూటలు మోసిన కాళ్లతోనే. ఏ సందు యాడ తేల్తాదో పగలు తెలియనిది ఆ రాత్రి తెలిసింది. గుంపు ఈడ్చుకుపోతాంటే దారి మనం ఎంచుకునేది యాడిది?

ఆ కరగ పూజలకు నీళ్లుండే చోటు ఒకటి కావాల, సంపంగి కెరె. ఆ చెరువును ఎండబెట్టి కంఠీరవ స్టేడియం కట్టినారు. కరగ కోసమని ఒక మూల చిన్న గుంట మిగిల్చినారు. దేవుని భయముంటేనే మనిషి చెరువును రవ్వంతైనా ఉంచుతాడేమో.

పేట దాటి కబ్బన్ పార్కులో అడుగు పెడితే దేశం మారినట్లే. అవతల పక్కను మేం దండు అంటాంటిమి. 1809లో ఇంగ్లీషోళ్లు పటాలం దింపిన చోటు. పేటా దండూ 1949 దాకా రెండు వేరే వేరే మునిసిపాలిటీలు, నడుమ ఈ పార్కు. కమర్షియల్ స్ట్రీటులో చీరలిచ్చి, శివాజీనగర్ రసెల్ మార్కెట్టు ముందర టీ తాగి, మళ్లీ చెట్ల కింద పడి పేటకు వస్తాంటి. అవతల అరవం, ఉర్దూ, ఇంగ్లీషు. ఇవతల కన్నడం, తెలుగు. నా చొక్కా చూసి అవతల అంగళ్లలో ఎనక వాకిలి చూపిస్తాండ్రి. దాని మీద నాకేం కోపం లే, ఎనక వాకిలి పక్కనే నీడ ఉంటాండె.

ఆదివారం చిక్కపేట అంగళ్లు మూస్తారు. ఆ పొద్దు నా సొంత నడక. కెంపేగౌడ పేరుతో నాలుగు గోపురాలుండాయి, ఊరు ఇంతవరకే అని ఎల్ల గీసినట్లు. ఒకటి లాల్‌బాగ్ బండ మీద, ఒకటి కెంపాంబుధి చెరువు కాడ, ఒకటి హలసూరు చెరువు పక్కన, ఒకటి మేఖ్రీ సర్కిల్ దిక్కు. ఒక్కో ఆదివారం ఒక్కోదానికి పోతాంటి. లాల్‌బాగ్ తోట 1760లో హైదరాలీ మొదలుపెట్టింది, అద్దాల మేడ 1889ది. జనం ఆ మేడ కాడ ఆగుతారు. నాకేమో బండ ఇష్టం. మూడొందల కోట్ల ఏండ్ల నాటి రాయంట అది. ఎక్కి కూచుంటే, చూపుకు మన పెనుకొండ గుట్ట మీద కూచున్నట్లే ఉంటాది.

ఆ బండ మీద నుంచి చూస్తేనే నాకు ఊరు అర్థమయింది పాపా. బెంగుళూరు ఒక మిట్ట. పడమటి పక్క పడిన వాన వృషభావతిలో చేరి, అర్కావతిలో కలిసి, కావేరికి పోతాది. తూర్పు పక్క పడింది బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినికి. ఒక చెరువు మరవ పారితే కింది చెరువు నిండాల, అది మరవ పారితే ఆ కిందిది. మనూర్లో పెద్దోళ్లు కట్టింది ఎట్లనో, ఆడ కట్టిందీ అట్లనే. కారులో పోయేవానికి ఈ వాలు తెలీదు. నెత్తిన మూట ఉన్నోనికి పిక్కలే చెప్తాయి, ఇప్పుడు మిట్టెక్కుతాండావు, ఇప్పుడు వంకలో దిగుతాండావని.

2022 సెప్టెంబరులో నువ్వు ఫోన్లో బొమ్మలు పంపిస్తివి, గుర్తుందా? మీ ఆఫీసు రోడ్డు మీద నీళ్లు, కంప్యూటరోళ్లు ట్రాక్టర్లెక్కి పనికి పోతాండేది. ఇంట్లో అందరూ అయ్యో అన్నారు. నాకు వింతేం అనిపించలే. బెళ్లందూరు పక్కన వంకలో ఇండ్లు కట్టి, కాలవలు పూడ్చి, వాన తప్పంటే ఎట్ల? 1971 లెక్కల్లో పదహారు లక్షల పైచిలుకున్న జనం, 2011 నాటికి ఎనభై నాలుగు లక్షలు. ఇంతమంది యాడో ఒకచోట పండుకోవాల కదా, అదీ నిజమే. అయితే అదే చెరువులో నురుగు లేచి రోడ్డు మీద పడిందీ, నీళ్ల మీద మంట లేచిందీ టీవీలో చూపిస్తే మీ జేజి నమ్మలే. సినిమా అనుకొనింది.

ఇంకొకటి చెప్పాల, అసలు సంగతి. కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె. శెనక్కాయల తిరణాల! 1898లో ప్లేగొచ్చినాక పేట ఇరుకు నుంచి జనాన్ని బయటికి తీసుకుపోయేదానికి వేసిన పేట ఆ బసవనగుడి, వీధులు ఎడల్పుగా ఉంటాయి. ఆ రోజు ఆ ఎడల్పు గూడా చాలదు. దొడ్డ బసవన్న గుడి ముందర నుంచి రోడ్డుకు రెండు పక్కలా గుట్టలు గుట్టలుగా శెనక్కాయలే. ఎద్దొచ్చి చేలు మేసేస్తాంటే, తొలి పంట నీకే ఇస్తామని రైతులు మొక్కుకున్నారంట, అప్పట్నుంచి ఈ పరిషె. కోలారు, చింతామణి, మాగడి, అరవదేశం, మన జిల్లా, అన్నిచోట్ల నుంచి మూటలు దిగుతాయి. ఆ గుట్టల నడుమ నడుస్తాంటే ఒకామె కాయ విరిచి, "మా పక్క ఎర్రనేల కాయ నాయనా, నోట్లో ఏసుకో" అనింది. ఏ ఊరమ్మా అంటే రొద్దం. కాయ రుచికి ముందే ఆమె యాసకు నా గొంతు పట్టుకుపోయింది. ఆ సంవత్సరం మా చేన్లో గింజ లే. కొని, ఒడి నింపుకొని, వృషభావతి పుట్టిందని చెప్పే ఆ గుడి మెట్ల కాడే కూచొని ఒలుచుకొని తినినా.

రొద్దం అంటే పెన్న గుర్తొచ్చింది. ఆ పెన్న పుట్టేది గూడా బెంగుళూరు పక్కనుండే నందికొండల్లోనే. ఆ కొండల్లో పుట్టి ఉత్తరానికి తిరిగినామె గౌరిబిదనూరు మీదుగా మన పక్కకు వస్తాది, దక్షిణానికి పోయినామె, ఆ దక్షిణ పినాకిని, బెంగుళూరు మురికంతా మోసుకొని అరవదేశం పోతాది. మనామెలో నీళ్లు లేవు, ఆమెలో ఉండేవి నీళ్లు కావు. ఎవురి కష్టం వాళ్లది.

సరే, నీకేం అబ్బీ, కార్లు పుట్టే ఎర్రమంచి మన పక్కనే ఉండాది, నువ్వు బెంగుళూరు పోవాల్సిన పనే లేకపోవచ్చు. పాపతో మాట్లాడతాండా నేను. వచ్చే ఆదివారం మెట్రోలో చిక్కపేటలో దిగు. ఎండెక్కక ముందే పో. అంగళ్లు మూసుంటాయి, వీధి కనపడతాది. అవెన్యూ రోడ్డు మీద దక్షిణం మొగమై మార్కెట్టు దాకా నడువు, పూలు కొనుక్కో. అట్లే బసవనగుడికి పోయి, గుడి ఎనక నుంచి కెంపాంబుధి చెరువు దారి అడుగు. కట్ట మీద గోపురం ఉంటాది. ఫోను జేబులో పెట్టుకొని మనుషులనే అడుగు, తెలుగులో అడిగినా చెప్తారు. ఆ చెరువులో ఇప్పుడు నీళ్లెంత ఉండాయో, మరవ యాడుండాదో చూసి నాకు చెప్పు. తూము కనపడితే దాని బొమ్మ తియ్యి. మంచి చెప్పులేసుకో, ఆ కొత్తవి వద్దు.