అరువు స్వరాలు, సొంత గొంతు

తూర్పు ఐరోపా యూదుల పెళ్లి సంగీతం క్లెజ్‌మర్. దాని ప్రత్యేకత అంతా స్వరాల వరసలోనే ఉందని చాలామంది నమ్మకం. ఆ వరసల్లో పేరున్నది ‘ఫ్రైగిష్’: షడ్జమం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు ఇది 14వ మేళకర్త వకుళాభరణమని ఇట్టే పోల్చుకుంటారు. రెండోది ‘మి షెబెరఖ్’. సాధారణ గాంధారం పక్కనే ప్రతి మధ్యమం పలికే ఆ వరస మన 58వ మేళకర్త హేమవతి. కానీ ఫ్రైగిష్‌కు అతి దగ్గరి చుట్టం తుర్కుల హిజాజ్ మకాంలో ఉంది. మి షెబెరఖ్ స్వరాలు ఉక్రెయిన్, రొమేనియా జానపదుల నోటా పలుకుతాయి. ఇంతమందికి ఉమ్మడి ఆస్తి అయిన స్వరాలు ఒక సంగీతానికి గుర్తింపు ఎలా ఇస్తాయి? ఆ గుర్తింపు స్వరాల నడకలోనూ, వాటిని పలికించే తీరులోనూ ఉందని నా వాదన.

ఫ్రైగిష్‌లో ముగింపునే చూడండి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కాకలి నిషాదం మీదుగా షడ్జమాన్ని చేరడానికి అలవాటుపడింది. ఇక్కడ కైశికి నిషాదం మీంచే షడ్జమంలో వాలుతారు. మంద్రస్థాయికి దిగితే శుద్ధ ధైవతం తరచు చతుశ్రుతి ధైవతంగా మారుతుంది. ప్రయోగాలను బట్టి రాగాన్ని గుర్తుపట్టే మనకు ఇది వింత కాదు. ఈ నడక చాలావరకు సినగాగ్ ప్రార్థనలోంచి వచ్చింది. ఫ్రైగిష్‌కున్న మరో పేరు ‘అహవా రబ్బా’, అలాగే ‘మి షెబెరఖ్’, రెండూ ప్రార్థనల పేర్లే. ప్రార్థన పాడే హజాన్ గొంతులోని ఏడుపు జీరను మొదట ఫిడేలు, తర్వాత క్లారినెట్ అందిపుచ్చుకున్నాయి. ‘క్రెఖ్ట్స్’ అనే గమకంలో ఆ జీర స్పష్టంగా తెలుస్తుంది: స్వరం ముగియబోతుండగా వాద్యం పై స్వరాన్ని తాకీ తాకనట్టు తాకి, గొంతు పూడుకుపోయినట్టు చటుక్కున ఆగిపోతుంది. గలీషియాలో పుట్టి 1908లో అమెరికా చేరిన నఫ్తూలె బ్రాండ్‌వైన్ క్లారినెట్ రికార్డులు వింటే, ఉరకలు వేసే నాట్యగతి మధ్యలో కూడా ఈ వెక్కు వినిపిస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. తాళం లేకుండా ఆలాపనలా సాగే ‘దోయినా’ రొమేనియాది, ‘బుల్గర్’ నాట్యం బెస్సరేబియాది. మోల్దావియాలో యూదు, రోమా వాద్యకారులు ఒకే మేళంలో వాయించేవారు, గమకాలూ ఇచ్చిపుచ్చుకున్నారు. అలాంటప్పుడు సొంతం ఏముంది అని అడగవచ్చు. ఏ గమకమూ యూదులొక్కరిదే అని నేను అనడం లేదు. కీవ్‌లో మైనపు సిలిండర్ల మీద ఈ సంగీతాన్ని భద్రపరచిన మొయిసే బెరెగోవ్‌స్కీ పరిశోధన ఈ చిక్కునే పట్టుకుంది. మి షెబెరఖ్ వరస పొరుగువారికీ యూదులకూ ఉమ్మడిదే అయినా, ఒక్కో జాతి దాన్ని ఏ పాటకు, ఏ భావానికి వాడుతుందో వేరువేరుగా చూడాలని ఆయన పట్టుబట్టాడు. అరువు తెచ్చుకున్నంత మాత్రాన పరాయిది కాదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనిపించదు. ఇంత పని చేసిన మనిషిని సోవియట్ ప్రభుత్వం 1950లో అరెస్టు చేసి శిబిరానికి పంపింది. 1955 దాకా విడుదల కాలేదు. పోయాయనుకున్న ఆ సిలిండర్లు 1990లలో కీవ్‌లోని వెర్నాడ్‌స్కీ గ్రంథాలయంలో బయటపడ్డాయి.

1970లలో అమెరికా యువకులు క్లెజ్‌మర్‌ను తిరిగి బతికించడానికి పూనుకున్నప్పుడు అచ్చయిన స్వరలిపి అందుబాటులోనే ఉంది. అయినా వాళ్లు బ్రాండ్‌వైన్, మరో క్లారినెట్ వాద్యకారుడు డేవ్ టారస్‌ల పాత 78 ఆర్‌పీఎం రికార్డులనే మళ్లీ మళ్లీ విని నేర్చుకున్నారు. క్రెఖ్ట్స్ ఎక్కడ విరగాలో, ఎంతసేపు ఆగాలో కాగితం మీద లేదు.