డీవీఆర్‌లో బొమ్మ రాకపోతే..
ప్రత్యక్ష దృశ్యం కనిపిస్తున్నా పాత రికార్డింగు ఉంటుందన్న భరోసా లేదు

కర్నూలు: దుకాణంలో దొంగలు పడ్డారంటే యజమాని చూపు మొదట వెళ్లేది సీసీ కెమెరా వైపే. తీరా డీవీఆర్ తెరిచి ఆ రాత్రి తేదీ నొక్కితే తెర నల్లగా దర్శనమిస్తుంది. నిన్నటి దాకా నాలుగు కెమెరాల బొమ్మలు చక్కగానే కనిపించాయి కదా అన్న సందేహం అప్పుడు కలుగుతుంది. కెమెరా నుంచి వచ్చే ప్రత్యక్ష దృశ్యం హార్డ్ డిస్కుతో నిమిత్తం లేకుండానే తెరపైకి చేరుతుంది. అంటే డిస్కు చెడిపోయి నెల గడిచినా టీవీలో బొమ్మ ఆడుతూనే ఉంటుంది. ప్రొద్దుటూరు బంగారు దుకాణమైనా, ఆదోని పత్తి గోదామైనా లోపం బయటపడేది అవసరం వచ్చిన నాడే. బొమ్మ తెరుచుకోలేదన్న ఫిర్యాదుల వెనుక తరచూ ఉండేది బొమ్మ నమోదే కాలేదన్న సంగతి.

ఫార్మాట్ జోలికి వెళ్లరాదు

దృశ్యం కనిపించని పక్షంలో తొందరపడి పెట్టెను మళ్లీ మళ్లీ ఆపి వేయడం శ్రేయస్కరం కాదు. 'ఇనిషియలైజ్' లేదా 'ఫార్మాట్' అని తెరపై వస్తే అంగీకరించరాదు. ఆ రెండు మాటలకూ అర్థం డిస్కును తుడిచివేయడమే. పాత డిస్కును తీసి కొత్త డీవీఆర్‌లో అమర్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. వెతికినా దొరకని దృశ్యం కీలకమైనదైతే మెనూలోని 'షట్‌డౌన్' ద్వారా యంత్రాన్ని సక్రమంగా ఆపి, తెలిసిన మెకానిక్‌ను పిలిపించాలి. డిస్కు నిండిన తరువాత కొత్త దృశ్యాలు పాతవాటి మీదనే నమోదవుతాయి గనుక యంత్రం నడిచే ప్రతి గంటా నష్టమే.

తేదీ తప్పితే..

డిస్కులో దృశ్యం ఉండీ దొరకకపోవడానికి కారణం చాలాసార్లు గడియారమే. డీవీఆర్ లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది నీరసిస్తే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ మొదటికి వస్తుంది. కొన్ని యంత్రాల్లో అది 2000 జనవరి 1వ తేదీ. నిన్న రాత్రి సంఘటన ఎప్పుడో పాత సంవత్సరం కింద నమోదై ఉంటే నిన్నటి తేదీలో ఎంత వెతికినా ఫలితం శూన్యం. కాబట్టి క్యాలెండరులో రికార్డింగు గుర్తు ఉన్న తేదీలన్నీ, పాత సంవత్సరాలతో సహా, చూడాలి. గడియారం తప్పుగా ఉన్నట్లు తేలితే కాపీ తీసేవరకు దాన్ని సరిచేయరాదు. సెల్‌ఫోన్ సమయం, డీవీఆర్ సమయం రెండూ పక్కపక్కన కనిపించేలా ఒక ఫొటో తీసి, తేడాను కాగితంపై రాసుకోవడం మేలు. ఈ చిన్న పని తరువాత విచారణలో ఎంతో అక్కరకు వస్తుంది.

పగలంతా రికార్డయి రాత్రి మాత్రమే ఖాళీగా ఉంటే అనుమానించవలసింది అడాప్టరును. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి ఎక్కువ కరెంటు లాగుతాయి. 12 వోల్టుల అడాప్టరు బలహీనమైనా, తీగ మరీ పొడవైనా కెమెరా ఆరిపోతుంది. 'వీడియో లాస్' అని చూపేది అప్పుడే. పగటిపూట వచ్చి చూసే మెకానిక్‌కు ఇది అంతుచిక్కదు. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా అమర్చిన చోట కూడా మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తాయి. అది లోపం కాదు.

ఎండ, దుమ్ము

రాయలసీమ వేసవి డీవీఆర్‌కు పెద్ద పరీక్ష. కర్నూలు, కడపల్లో ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. నిఘా అవసరాలకు తయారయ్యే హార్డ్ డిస్కులు సాధారణంగా 60 నుంచి 70 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. దొంగలకు కనిపించరాదని పెట్టెను గాలి ఆడని చెక్క బీరువాలోనో, ఫాల్స్ సీలింగు పైనో దాచితే లోపలి వేడి ఆ హద్దును చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. బేతంచెర్ల వంటి చోట్ల నాపరాళ్ల పాలిష్ దుమ్ము ఫ్యానులో పేరుకుంటుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు అప్పుడే రాస్తున్న ఫైలు అసంపూర్తిగా మిగిలి చివరి నిమిషాలు తెరుచుకోకపోవచ్చు. చిన్న యూపీఎస్ ఈ బెడదను తప్పిస్తుంది. యంత్రం ఆగకుండా బీప్ మోత చేస్తుంటే అది డిస్కు గురించిన హెచ్చరిక కావచ్చు. చికాకుగా ఉందని మోతను మెనూలో ఆపివేసి, సంగతి మరిచిపోవడం చాలాచోట్ల పరిపాటి.

ఎన్నాళ్లు నిలుస్తుంది?

లెక్క సులభమే. కెమెరా సెకనుకు 1 మెగాబిట్ చొప్పున పంపితే రోజుకు 10.8 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు సుమారు 43 జీబీ. ఆ లెక్కన 1 టీబీ డిస్కు 23 రోజులకు నిండుతుంది. స్పష్టత పెంచి 2 మెగాబిట్లు చేస్తే పదకొండు రోజులే. ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం, 2013 ప్రకారం ఒకేసారి 100 మంది లేదా రోజుకు 500 మంది వచ్చే సంస్థలు దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలి. నాలుగు కెమెరాలున్న చిన్న సంస్థకైనా 2 టీబీ కన్నా తక్కువ డిస్కు సరిపోదన్నమాట.

పెన్ డ్రైవ్‌లో తెరుచుకోకపోతే

కాపీ తీసిన ఫైలు కంప్యూటరులో ఆడకపోతే దృశ్యం పోయినట్లు కాదు. కొన్ని కంపెనీల ఫైళ్లకు వారి సొంత ప్లేయరే కావాలి. కాపీ చేసేటప్పుడు దాన్ని కూడా పెన్ డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. హెచ్.265 పద్ధతిలో నమోదైనవి పాత కంప్యూటర్లలో బొమ్మ లేకుండానో, ఆగి ఆగి సాగుతూనో ఇబ్బంది పెడతాయి. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్ డ్రైవ్ 4 జీబీకి మించిన ఫైలును స్వీకరించదు. అప్పుడు గంట చొప్పున విడదీసి కాపీ చేయాలి. డీవీఆర్‌లోనే నాలుగు కెమెరాలను ఒకేసారి చూస్తే తడబడే బొమ్మ ఒక్క కెమెరాను ఎంచుకుంటే సాఫీగా రావచ్చు. సెల్‌ఫోన్‌లో చూస్తున్నప్పుడు తడబాటు ఇంటర్నెట్ వేగానిదే కావచ్చు గనుక పెట్టె దగ్గరకే వెళ్లి చూడాలి.

పోలీసులకు ఇచ్చేటప్పుడు

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను, కాపీ రూపంలో ఇచ్చే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కోరుతోంది. అంతకుముందు ఇదే అవసరం పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షను కింద ఉండేది. అది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లోనూ, 2020లోనూ తేల్చింది. కొత్త పత్రంలో రెండు భాగాలు ఉన్నాయి. ఒకటి యంత్రం బాధ్యత చూసే వ్యక్తి, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలుకు వేలిముద్ర వంటి 'హ్యాష్' విలువను కూడా అందులో పేర్కొనాలి. అందువల్ల తెరపై ఆడుతున్న దృశ్యాన్ని సెల్‌ఫోన్‌తో తీసి పంపి ఊరుకోవడం చాలదు. డీవీఆర్ నుంచి నేరుగా తీసిన ఫైలునే అప్పగించాలి. డిస్కునే స్వాధీనం చేసుకుంటే దాని సీరియల్ నంబరు పంచనామాలో నమోదైందో లేదో యజమాని చూసుకుని, ప్రతి ఒకటి తన దగ్గర ఉంచుకోవాలి.