కుండపెంకు చెప్పు చరిత్ర

పూర్వపు సత్తెనపల్లి తాలూకాలోనిదైన అమరావతి తన శిల్పములచే లోకప్రసిద్ధి గాంచినది. 1816లో కాలిన్ మెకంజీ వానిని చిత్రింపజేసెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకములు 1859లో ఓడనెక్కి లండనునకు తరలిపోయెను. మరికొన్ని మద్రాసు మ్యూజియమునకు చేరెను. శిల్పములు వెడలిపోయినను, వానిని చెక్కినవారు కూడు వండుకొన్న కుండల పెంకులు ఈ నేలలోనే మిగిలినవి. రాజులకు శాసనములు గలవు; సామాన్యునకు పెంకే శాసనము.

ఈ శాసనమును చదువుటకు తీరిక వలయును. ఉద్యోగవిరమణ చేసిన పెద్దలకు తీరిక కలదు. దానికి తోడు ఒక సైకిలుండిన చాలును. మోటారుపై పరుగెత్తువానికి పాటిదిబ్బ కంటబడదు. సైకిలుపై బోవువాడు గట్టున దిగి, రైతును పలుకరించి, అతని యనుమతితో దిబ్బచుట్టు నడువగలడు. మిరపయు ప్రత్తియు ఎదిగిన పిమ్మట నేల కానరాదు. వేసవి దుక్కి ముగిసి తొలకరి కురిసిన దినములే అనుకూలములు. నల్లరేగడిలో వాన కడిగిన పెంకు దూరమునుండియే కనబడును.

పెంకులలో కొన్ని లోపల నలుపుగను, వెలుపల ఎరుపుగను ఉండును. కుండను బోర్లించి కాల్చగా, గాలి సోకని భాగము నల్లబడెనని పండితులు చెప్పుదురు. ఇనుపయుగమునుండి శాతవాహనుల కాలమువరకు ఇట్టివి వాడుకలో నుండెను. వేరొకరకము సన్నని మట్టితో చేసిన పళ్లెములు. వాని లోపలి అడుగున వలయములుగా చిన్నగాట్లుండును. ధరణికోటలో 1962–65 మధ్య జరిగిన త్రవ్వకములలో ప్రాచీనమైన ఓడరేవు కట్టడముతోపాటు ఇవియు లభించెను. 1945లో అరికమేడునందు ఇట్టివి దొరకినపుడు, మేలైనవి రోము వర్తకుల సరుకని తలచిరి. తరువాత మట్టిని పరీక్షించినవారు అది భారతదేశపు మట్టియేనని తేల్చిరి. అరచేతిలో ఇముడు పెంకు పండితుల యూహను దిద్దినది.

పెంకును చదువుటలో కుమ్మరియే మొదటి గురువు. సారెపై తిరిగిన గుర్తేదో, పలకతో తట్టిన గుర్తేదో, ఆవమున సెగ చాలనిదేదో అతడు చూచినంతనే చెప్పగలడు. లోహపాత్రలు, ప్లాస్టికు వచ్చిన పిమ్మట సారెలు తగ్గినవి. ఆ పని తెలిసిన వృద్ధుల మాటలను వ్రాసికొనుటయు చరిత్రరచనయే.

ఆలస్యమునకు తావులేదు. పాటిమన్ను పైరుకు బలమని రైతులు తరతరములుగా బండ్లతో తోలుకొనిరి. అది వారి తప్పు కాదు. కాని నేడు యంత్రము కొన్ని దినములలోనే దిబ్బను చదును చేయును. చోటు తెలియని పెంకు మూగపోవును. కావున పెంకును ఇంటికి తెచ్చుటకంటె, అది కనబడిన గ్రామము, పొలము, తేదీ వ్రాసి, బొమ్మ గీసికొనుట మేలు. త్రవ్వుట కూడదు; ప్రభుత్వరక్షణలోనున్న స్థలములలో దేనిని గాని కదల్పరాదు.

అట్టి వ్రాతపుస్తకమొకటి గ్రంథాలయపు బీరువాలో చేరిన, దిబ్బ చదునైనను దాని కథ నిలుచును. ఇరువదియైదేండ్లు గ్రంథములను కాపాడిన సంస్థకు, కాలిక్రింది గ్రంథమును గూడ కాపాడుట తగిన కార్యము.