మట్టి వాళ్ళది, మందు పేరు కూడా వాళ్ళదే



తొలకరి పడగానే పోడు చేనులో లేచే వాసన మనకి తెలుసు కదా. ఆ వాసన చాలావరకు స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియాది. పక్కనున్న బూజుల్ని, వేరే బ్యాక్టీరియాల్ని పెరగనివ్వని రసాయనాలు ఇవి తయారు చేస్తాయి. టీబీకి వాడిన స్ట్రెప్టోమైసిన్ అలా వచ్చిందే. ఇంతవరకు మా క్లాసు పుస్తకంలో ఉంది. ఆ మట్టి ఎక్కడిది, ఎవరిది అన్నది మేము వెతుక్కుని చదివాం.

పసిఫిక్ సముద్రం మధ్యలో రాపా నుయీ అనే దీవి ఉంది. బయటివాళ్ళు ఈస్టర్ ఐలాండ్ అంటారు. 1862లో పెరూ నుంచి ఓడలొచ్చి అక్కడి ఆదివాసుల్ని బానిసలుగా పట్టుకుపోయాయి. తర్వాత రోగాలొచ్చాయి. 1877 నాటికి మిగిలింది 111 మంది! 1888లో చిలీ దీవిని కలుపుకుని, భూమిని గొర్రెల కంపెనీకి లీజుకిచ్చింది. జనాన్ని హంగా రోవా అనే ఒక్క ఊర్లో ఉంచేశారు. 1966 దాకా వాళ్ళకి పౌరహక్కులే లేవు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1964 చివర్లో, కెనడా నుంచి వైద్య బృందం వచ్చింది. దీవిలో దాదాపు అందర్నీ పరీక్షించారు. జనం వట్టి కాళ్ళతో తిరుగుతున్నా ధనుర్వాతం ఎందుకు రావట్లేదని నోగ్రాడి అనే శాస్త్రవేత్తకి అనుమానం. దీవిని 67 భాగాలు చేసి, ఒక్కోచోట మట్టి తీసుకున్నాడు. ఆ మట్టి తర్వాత మాంట్రియల్‌లోని అయర్స్ట్ అనే మందుల కంపెనీకి చేరింది. అందులోని స్ట్రెప్టోమైసిస్ నుంచి 1972లో బూజుని చంపే పదార్థం తీశారు. దీవి పేరు మీదే రాపామైసిన్ అన్నారు.

అది మన ఒంటి రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తుందని తేలింది. 1983లో ఆ ల్యాబ్ మూతపడితే, పంజాబు వైపు పుట్టిన సురేన్ సెహగల్ ఆ బ్యాక్టీరియాని ఇంటి ఫ్రీజర్‌లో దాచాడు. ఆయన పట్టుదల వల్లే 1999లో కిడ్నీ మార్పిడి రోగులకి అమెరికాలో అనుమతి వచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపుతుంది. సెహగల్ కష్టాన్ని మేము తక్కువ చెయ్యట్లేదు. కానీ అమ్మకాల్లో రాపా నుయీ జనానికి వాటా లేదు. ఇమ్మని అడగడానికి అప్పట్లో చట్టం కూడా లేదు.

మన దగ్గర 2002 జీవవైవిధ్య చట్టం ఉంది. అందులో మొక్కలు, జంతువులతో పాటు సూక్ష్మజీవులు కూడా ఉన్నాయి. వ్యాపారానికి వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వాలి. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ, రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీ కమిటీలో ఎవరున్నారో, రిజిస్టరు ఎక్కడుందో కనుక్కుని కింద రాయండి. మేము సెలవులకి ఊరెళ్ళగానే అడుగుతాం.